అత్తయ్యగారి ఉప్పునీళ్ళు

ఎండలు తగ్గుముఖం పట్టాయని అందరం అనుకుంటున్న వారంలో, ఒకరోజు పొద్దున్నే నేను గుమ్మడి పాదుకు నీళ్ళు పెడుతుంటే, గోడ అవతలి నుంచి ఒక తెల్ల దుప్పటి ఎగిరొచ్చి నా భుజాల మీద పడింది.

“చూడండి సారూ. కళ్ళజోడు పెట్టుకుని మరీ చూడండి.”

గోడ మీదుగా నడుం దాకా కనబడుతోంది లాండ్రీ ఆవిడ. దేని మీదో ఎక్కి నిలబడినట్టుంది. పక్కిల్లే ఆవిడ లాండ్రీ. పెరట్లో నాలుగు సిమెంటు తొట్లు, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా దండేలు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క పెద్ద లాడ్జి దుప్పట్లన్నీ అక్కడే తెల్లబడతాయి.

దుప్పటి విప్పి చూశాను. అంచు పొడుగునా ఆవగింజలంత పసుప్పచ్చ చుక్కలు. గోటితో గీకితే పొడిపొడిగా రాలుతున్నాయి గానీ, అడుగున లేత మరక ఉండిపోతోంది.

“ఏమిటివి?” అన్నాను, తెలిసే.

“నన్నడుగుతారేం? మీ తేనెటీగల్నడగండి. నా తొట్లో నీళ్ళు తాగడం, ఇంటికి పోతూ పోతూ నా దండేల మీద పని కానిచ్చేయడం! నిన్న లాడ్జి గుమాస్తా పదకొండు దుప్పట్లు తిప్పి పంపాడు సారూ. ఇవి ఉతికినవా, ఉతకాల్సినవా అని నలుగురి ముందు అడిగాడు. నాకు తలకొట్టేసినట్టయింది.”

“ఏదో ఒకటి చేస్తానమ్మా.”

“ఆ ఏదో ఒకటి ఏమిటో చెప్పండి. సీజను అయిపోగానే లాడ్జిలో ఉన్న ప్రతి దుప్పటీ ఉతికిస్తారు. ఈ గురువారం కాదు, పై గురువారం కాదు, ఆ పై గురువారం. రెండొందల దుప్పట్లు. వాటి మీద చుక్క పడిందా, ఆ పని ఇంకొకరి చేతికి పోతుంది. అక్క మీద గౌరవం కొద్దీ ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నా. అప్పట్లో ఇన్ని వచ్చేవి కూడా కావు.”

అక్క అంటే మా ఆవిడ. ఆమె పోయి అప్పటికి ఏడు నెలలు.

“ఆ గురువారం లోపల దారి చూపిస్తాను. లేకపోతే పెట్టె పంపించేస్తాను,” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఎవరైనా ఎదురుగా నిలబడి గట్టిగా అడిగితే కాదనలేని మనిషిని నేను. ఆ గుణం వల్లనే నన్ను పెళ్ళికి ఒప్పించగలిగానని మా ఆవిడ అందరికీ చెప్పేది.

దుప్పటి మడిచి అందించాను. లాండ్రీ ఆవిడ తీసుకుని, మడత బాగాలేదని నా ఎదురుగానే విప్పి, మళ్ళీ మడుచుకుని దిగిపోయింది.

వంటింటి కిటికీలోంచి అత్తయ్యగారు అంతా విన్నారు. వినకూడనివి వినడంలో ఆవిడ చెవులు ఎనభై ఏళ్ళ తర్వాత కూడా చెక్కుచెదరలేదు.

“పంపించేయండి అల్లుడుగారూ, ఆ దయ్యాల్ని. పీడా పోతుంది.”

“మీ అమ్మాయి పెంచినవి, అత్తయ్యగారూ.”

“నేను కన్నది మనిషిని. ఈగల్ని కాదు. అవి మీ ఆవిడ ఈగలు.”

మా ఇంట్లో మిగిలింది మేమిద్దరం. మోకాళ్ళ నొప్పులతో తొమ్మిదేళ్ళ క్రితం కూతురి దగ్గరికి వచ్చి ఉండిపోయారు అత్తయ్యగారు. కూతురు పోయిన పదిహేను రోజులకు చుట్టాలందరూ వెళ్ళిపోయాక, ఆవిడ ఇక ఎక్కడుండాలన్న మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మర్నాడు పొద్దున లేచి చూస్తే బల్ల మీద రెండు కాఫీ కప్పులున్నాయి. అంతే, తేలిపోయింది. అలాంటి చిన్న చిన్న దయలు లేకపోతే ఆ చలికాలం నేను దాటేవాణ్ణి కాదు.

అయితే మా ఆవిడ మాట మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు. మీ అమ్మాయి ఈగలు, మీ ఆవిడ ఈగలు అని ఆ పెట్టెను ఒకరి మీదకొకరం తోసుకోవడమే, ఆమెను తలుచుకోవడానికి మాకు మిగిలిన దారి.

ఇంకో ఇద్దరున్నారు. గోధుమరంగు ముసలి కుక్క, పేరు ఇనస్పెక్టరు. పెరట్లో కొత్తగా ఏం పెట్టినా వెళ్ళి, చుట్టూ తిరిగి, వాసన చూసి, తుమ్మి వస్తాడు. ఒక పిల్లి, పేరు చుట్టం. వానలో ఒక పూటకని వచ్చి నాలుగేళ్ళయింది.

ఇక పెట్టె. జామచెట్టు కింద నాలుగు కాళ్ళ పీట, చీమలెక్కకుండా ఒక్కో కాలి కిందా నీళ్ళగిన్నె, దాని మీద తేనెటీగల చెక్కపెట్టె. పోస్టాఫీసులో ఉద్యోగం చూసుకుని రాగానే మా ఆవిడ చెప్పులు విడవకుండా నేరుగా దాని దగ్గరికే వెళ్ళేది. మూత తీసి ఏం చూసేదో, పిలిచినా పలికేది కాదు. నాకు ఈగల గురించి తెలిసింది తక్కువ. నీళ్ళ గురించి మాత్రం తెలుసు. కాలేజీలో రసాయనశాస్త్రం చదివి, ఇరవైతొమ్మిదేళ్ళు వాటర్‌వర్క్సులో కెమిస్టుగా పనిచేశాను. ఊరికి వెళ్ళే ప్రతి చుక్కా నా గాజు గొట్టాల్లోంచి వెళ్ళింది. వీధిలో ఇప్పటికీ నన్ను నీళ్ళ సారనే అంటారు.

అందుకే అనుకున్నాను, ఇది నాకు చెయ్యి తిరిగిన పని. ఈగలు పక్కింటికి నీళ్ళకోసం పోతున్నాయి. ఇక్కడే మంచినీళ్ళు పెడితే ఎందుకు పోతాయి?

ఆ సాయంత్రమే నీళ్ళు కాచి, చల్లార్చి, రెండుసార్లు వడకట్టాను. పాత పరీక్ష పెట్టె తీసి దుమ్ము దులిపి, ఆ నీళ్ళలో ఏది ఎంతుందో చూశాను. కాగితం మీద రాసుకున్నాను కూడా. అంత మంచినీళ్ళు ఆ ఊళ్ళో అప్పటిదాకా ఎవరూ తాగి ఉండరు. పింగాణీ పళ్ళెంలో పోసి, పెట్టెకు పది అడుగుల దూరంలో స్టూలు మీద పెట్టాను.

ఇనస్పెక్టరు వచ్చి వాసన చూసి తుమ్మి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఈగలు బిలబిలమంటూ పెట్టెలోంచి రావడం, నా పళ్ళెం మీదుగా, నా తల మీదుగా, గోడ మీదుగా లాండ్రీలోకి పోవడం. దారి తప్పి ఒకటి పళ్ళెంలో దిగింది. నున్నటి పింగాణీ మీద కాలు నిలవక నీళ్ళలో పడింది. పుల్లతో తీసి ఎండలో పెట్టాను. రెక్కలు తుడుచుకుని, నా వైపు చూసినట్టే చూసి, లాండ్రీ వైపు పోయింది.

“బట్టల సోడా వాసన వాటికిష్టం సారూ!” గోడ అవతలి నుంచి కేక. “మీ నీళ్ళు మీ ఈగలే ముట్టట్లేదా?”

“కొత్త కదమ్మా. అలవాటు పడాలి.”

“ఇరవైతొమ్మిదేళ్ళు మాకు పట్టించారు. మేం నోరెత్తలేదు. వాటికి నోరుంది!”

కిటికీలో అత్తయ్యగారు కొంగు అడ్డం పెట్టుకోవడం కనబడింది. దగ్గో నవ్వో తెలియలేదు. ఏడు నెలల్లో నవ్వు విన్నది లేదు కనుక దగ్గే అనుకున్నాను.

నాలుగు రోజులు నీళ్ళు మార్చాను. వెండి గ్లాసులో పెట్టాను, గాజు గిన్నెలో పెట్టాను. చక్కెర కలిపాను, చీమలొచ్చాయి. చుట్టం మాత్రం రోజూ వచ్చి పళ్ళెం ఖాళీ చేసి, ఎండలో ఒళ్ళు విరుచుకునేది.

ఆదివారం తేనె మేస్త్రిని పిలిపించాను. మా ఆవిడకు ఈ విద్య నేర్పింది ఆయనే. ఊరి బయట తోటలో నలభై పెట్టెలున్నాయి ఆయనకు. మూత తీసి, పొగ కూడా పెట్టకుండా తేనెపట్టు కట్టిన ఒక చట్రం పైకెత్తి చూసి, మెల్లగా దించాడు.

“దిట్టంగా ఉన్నాయి సార్. మేడమ్ చెయ్యి మంచిది.”

“ఇక్కణ్ణించి ఆ మూలకు జరిపితే? లాండ్రీకి దూరంగా?”

“కుదరదు. ఈగకి ఇల్లు అంటే ఈ చోటే. పది గజాలు జరిపామంటే, పొద్దున బయటికెళ్ళింది తిరిగొచ్చి ఇక్కడే గాల్లో తిరిగి తిరిగి చస్తుంది. జరిపితే అడుగో రెండడుగులో జరపాలి, లేదంటే దారి గుర్తుపట్టలేనంత దూరం తీసుకుపోవాలి. మా తోటకైతే పరవాలేదు. బండి పంపిస్తాను, ఎప్పుడు?”

నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. “బుధవారం. ఈ బుధవారం కాదు, పై బుధవారం. గురువారం లాడ్జి దుప్పట్లున్నాయి.”

ఆయన తల ఊపి, టోపీ పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ ఆగాడు. “మేడమ్ ఉన్నప్పుడు అవి లాండ్రీకి ఎగబడేవా సార్?”

“ఏమో. అప్పట్లో ఇంతగా వచ్చేవి కావని లాండ్రీ ఆవిడ అంటోంది.”

“మరి అప్పుడు ఎక్కడ తాగేవి?”

ఆయన్ని గేటు దాకా సాగనంపాను. ఆ జవాబు నాకే తెలిసి ఉండాల్సింది.

మంగళవారం పొద్దున అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పి ఎక్కువైంది. డాక్టరు చెప్పినట్టు గోరువెచ్చని నీళ్ళలో గుప్పెడు రాళ్ళుప్పు వేసుకుని కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారు ఆవిడ. రోజూ స్నానాలగదిలోనే. ఆ రోజు అక్కడి గొట్టం కారుతోందని నేను విప్పి పెట్టాను. దాంతో విసుక్కుంటూ వెనక వరండా మెట్టు మీద కూర్చుని, పాత మట్టి బానలో కాళ్ళు పెట్టుకున్నారు. అరగంట తర్వాత కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళి, మంచమెక్కి నిద్రపోయారు. బాన అక్కడే ఉండిపోయింది.

పదకొండింటికి నేను చేతులు కడుక్కుని వెనక్కి వచ్చేసరికి, ఇనస్పెక్టరు బానకు మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు. దగ్గరికి వెళ్ళట్లేదు, దూరంగానూ పోవట్లేదు. ముక్కు కొంచెం ఉబ్బి ఉంది.

బాన అంచు చుట్టూ గరుకు మట్టి మీద బారులు తీరి తేనెటీగలు. తలలు కిందికి, తోకలు పైకి. ఒకటి లేస్తే ఇంకొకటి వాలుతోంది. తుడుచుకుని ఆరేసిన తడి తువ్వాలు మీద కూడా డజనుకు తక్కువ లేవు.

ఇరవైతొమ్మిదేళ్ళ అనుభవమూ, రెండుసార్లు వడకట్టిన నీళ్ళూ అత్తయ్యగారి కాళ్ళు నానబెట్టిన బాన ముందు ఓడిపోయాయి. అంత హాయిగా ఓడిపోవడం నాకు అంతకుముందు తెలియదు.

“ఏమిటలా నిలబడ్డారు? పాము గానీ దూరిందా?” అంటూ కర్ర పట్టుకుని వచ్చారు ఆవిడ.

“చూడండి.”

చూశారు. కళ్ళజోడు పైకి తోసి మళ్ళీ చూశారు.

“ఛీ! నా కాళ్ళు కడిగిన నీళ్ళు! వీటికి బుద్ధుందా అసలు?”

“ఉప్పు కావాలి వాటికి. వాసన ఉండాలి, కాలు నిలవడానికి గరుకుండాలి. నేను ఇవేవీ లేకుండా పోయాలని కష్టపడుతున్నాను.”

అత్తయ్యగారు మెట్టు మీద కూర్చున్నారు. తర్వాత నిమ్మచెట్టు వైపు గడ్డంతో చూపించారు.

“అక్కడ తొట్టి ఉండేదిగా. పాచిపట్టి, చూడ్డానికి అసహ్యంగా. దాన్ని కడగనిచ్చేదా అది? ఒకసారి నేను చీపురు పట్టుకుంటే నా మీద ఎగిరింది. వంటింట్లో ఉప్పు తీసుకెళ్ళి అందులో వేస్తుంటే, ఉప్పు ఊరికే వస్తోందా అని నేను తిట్టేదాన్ని.”

నిమ్మచెట్టు కింద ఆ రాతితొట్టి ఇప్పటికీ ఉంది. పాలలా తెల్లగా ఉంది. వేసవి మొదట్లో, ఇల్లంతా ఎక్కడ చూసినా ఆమే కనబడుతుంటే ఉండలేక, ఒక వారం పాటు దొరికిందల్లా తోమాను. ఆ తొట్టిలో బ్లీచింగు వేసి రెండు రోజులుంచి, ఇనుపపీచుతో రుద్ది, దోమలు రావని బోర్లించాను. చాలా బాగా చేశాననుకున్నాను.

“నేనే వాటిని అక్కడికి తోలాను, అత్తయ్యగారూ,” అన్నాను.

ఆవిడ నా వైపు చూడలేదు. “ఆ తొట్టి తిప్పండి,” అన్నారు. “ఇంకా ఎనిమిది రోజులుందిగా బండికి?”

తొట్టి తిప్పి నీళ్ళు నింపాను. కాలవగట్టు నుంచి పాచిపట్టిన రాళ్ళు సంచీడు మోసుకొచ్చి పేర్చాను. అంచు మీద తడి గోనెపట్టా వేశాను. ఉప్పు త్రాసులో తూచి, లీటరుకు ఇంత అని కలిపాను. అత్తయ్యగారు ఆ త్రాసును చూసి పెదవి విరిచి, పక్కనే తన బాన పెట్టించుకున్నారు. కాళ్ళు పెట్టుకుని, లేచి, “ఇప్పుడు చూద్దాం,” అన్నారు.

ఈగలు బానకే వచ్చాయి. ఇంకేం మాట్లాడను? బానలో నీళ్ళు తీసుకెళ్ళి తొట్టిలో పోశాను. ఆ తర్వాత తొట్టికీ వచ్చాయి. అప్పట్నించి అత్తయ్యగారు రోజూ పొద్దున నిమ్మచెట్టు కిందే కుర్చీ వేయించుకుని కాళ్ళు నానబెట్టుకునేవారు. మోకాళ్ళు బాగున్న రోజు కూడా.

“ఈ రోజు నొప్పి లేదన్నారుగా?” అంటే, “రుచి మారితే రావేమో,” అనేవారు.

కానీ సగం ఈగలు ఇటు వచ్చినా, సగం పాత దారినే పోతున్నాయి. ఒకసారి మరిగిన చోటును అవి అంత తేలిగ్గా విడిచిపెట్టవు. అక్కడ నీళ్ళు లేవని వాటికి నమ్మకం కుదరాలి. అంటే లాండ్రీ తొట్లు మూయాలి. గోడ దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పాను.

లాండ్రీ ఆవిడ చేతిలో ఉన్న బట్ట పిండడం ఆపేసింది. “మూయాలా? నేను? నా తొట్లు?”

“మూడు రోజులు. వాడుకునేటప్పుడు తీయండి, వాడాక మూయండి.”

“రోజుకి వందసార్లు ముంచి తీస్తాను సారూ. వందసార్లు మూత తీసి పెట్టాలా? బాగుంది! దొంగను వదిలేసి ఇంటికి తాళం వేసుకోమంటున్నారు.”

అంతలో మా వీధి గేటు చప్పుడైంది. తిరిగి చూస్తే అత్తయ్యగారు. కర్ర ఊనుకుంటూ, మా గేటు దాటి, ఏడు నెలల తర్వాత మొదటిసారి వీధిలో నాలుగడుగులు వేసి, లాండ్రీ గేటు తోసుకుని లోపలికి వెళ్ళారు.

“మామ్మగారూ! మీరెందుకొచ్చారు, పడిపోతే?”

“పడితే నీ దుప్పట్ల మీదే పడతాను, మెత్తగా ఉంటాయి. కుర్చీ వెయ్యి.”

వేసింది. అత్తయ్యగారు తీరిగ్గా కూర్చుని తొట్లన్నీ చూశారు.

“చూడమ్మాయ్. ఇన్నాళ్ళూ నష్టపడింది నువ్వు. తప్పు మా ఇంటిది. ఆయన తొట్టి తోమారు, తోముతుంటే నేను చూస్తూ కూర్చున్నాను. మూడు రోజులు మూత వెయ్యి. నాలుగో రోజు మా ఈగ ఒక్కటి నీ తొట్టి మీద వాలినా, బుధవారం దాకా ఆగను. ఆ పెట్టె నేనే దగ్గరుండి బండెక్కిస్తాను.”

“ఒక్కటి కూడానా?” అన్నాను గోడ ఇవతలి నుంచి. ఒక్కటీ వాలదని ఏ మేస్త్రీ పూచీ పడడు.

“ఒక్కటి కూడా,” అన్నారు అత్తయ్యగారు, నా వైపు తిరగకుండా.

లాండ్రీ ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని ఆవిడను చూసింది. “ఒకటీ రెండూ వస్తే నేనేం చచ్చిపోను లెండి మామ్మగారూ,” అంది చివరికి. “మూతలెక్కడున్నాయి?”

మా సామాన్ల గదిలో పాత తలుపులు రెండున్నాయి, ఒక రేకు ఉంది, పడకబల్ల చెక్కలున్నాయి. అన్నీ గోడ మీదుగా అందించాను.

మొదటి రోజు చూడలేకపోయాను. వందల కొద్దీ ఈగలు మూతల మీద గింగిరాలు తిరిగాయి. సందుల్లో దూరాలని చూశాయి. తడి దుప్పట్ల మీద వాలాయి. ఆ రోజు చుక్కలు ఎక్కువే పడ్డాయి. లాండ్రీ ఆవిడ ఒక్కో చుక్కా తడిగుడ్డతో తుడుస్తూ, తుడిచినప్పుడల్లా మా గోడ వైపు చూస్తూ, ఏమీ అనకుండా ఊరుకుంది. ఆ ఊరుకోవడం నేను ఎప్పటికీ మర్చిపోను.

రెండో రోజు పొద్దున వాటర్‌వర్క్సు నాటి అలవాటుగా గడియారం పెట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాల్లో గోడ దాటినవి అరవై రెండు. మధ్యాహ్నం నలభై. మూడో రోజు పొద్దున పదిహేడు. ఎండ ముదిరాక నిమ్మచెట్టు కింద గోనెపట్టా నల్లగా కదులుతోంది. తొట్టిలో నీళ్ళు గంటగంటకూ తగ్గుతుంటే అత్తయ్యగారు చెంబుతో పోస్తూనే ఉన్నారు. “ఆగండాగండి, తోసుకోకండి,” అని వాటితో అంటున్నారు. నేను వినడం చూసి, “కుక్కతో అంటున్నాను,” అన్నారు. ఇనస్పెక్టరు వరండాలో నిద్రపోతున్నాడు.

నాలుగో రోజు పది నిమిషాల్లో గోడ దాటినవి మూడు. ఆ మూడూ ఒక చుట్టు తిరిగి వెనక్కి వచ్చాయి.

“ఏం చేద్దాం?” అని అడిగాను గోడ మీదుగా.

“మూతలు ఇంకో వారం నా దగ్గరే ఉంచండి,” అంది లాండ్రీ ఆవిడ. “బండి సంగతి గురువారం తర్వాత చూద్దాం.”

తేనె మేస్త్రికి కబురు పెట్టాను, బుధవారం రావద్దని.

గురువారం సూర్యుడు పూర్తిగా పైకి రాకముందే మొదటి దండెం నిండిపోయింది. లాండ్రీ ఆవిడ, ఆవిడ భర్త, తోడికోడలు, ముగ్గురూ పరుగుల మీద ఉన్నారు. అత్తయ్యగారు గోడ పక్కన కుర్చీ వేయించుకున్నారు. నేను నిమ్మచెట్టుకూ గోడకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను. అటు తొట్టి చుట్టూ ఈగల రద్దీ, ఇటు గోడ అవతల తెల్లటి గుడ్డలు గాలికి ఉబ్బి, తెరచాపలు కట్టిన ఓడలేవో మా వీధిలోకి తప్పిపోయి వచ్చినట్టున్నాయి. ఈగలు పెట్టెలోంచి లేవగానే వెనక్కి తిరిగి, మా ఇంటి కప్పు మీదుగా, లాండ్రీకి వీపు చూపిస్తూ నిమ్మచెట్టు దగ్గర దిగుతున్నాయి. ఆ మలుపు చూడడానికే మళ్ళీ మళ్ళీ వెళ్ళాను.

మధ్యలో ఒక గొడవ జరిగింది. ఆరిన దుప్పట్ల బుట్టలో చుట్టం పడుకుని దొరికింది.

“ఈగలు పోయాయి, పిల్లి వచ్చింది! మీ ఇంట్లో ఇంకేమున్నాయి సారూ, అన్నీ ఒకేసారి పంపండి!”

పిల్లిని మెడపట్టి గోడ మీదుగా నాకు అందించింది. దులిపితే వెంట్రుకలు పోయాయి.

నాలుగు గంటలకు లాడ్జి గుమాస్తా వ్యానులో దిగాడు. ఎత్తుగా, సన్నగా, ఎవరి మీద విసుక్కుందామా అన్నట్టుండే మనిషి. ఒక్కో దుప్పటి విప్పించి, వెలుతురుకు పట్టించి, తల ఊపుతున్నాడు. ఇరవై. యాభై. నూట పది. గోడ ఇవతల మేమిద్దరం అతనితో పాటే లెక్కపెడుతున్నాం. నూట అరవై దాటాక అతని వేలు ఒక చోట ఆగింది.

“ఇదేమిటి?”

దుప్పటి మూల పసుపురంగు చుక్క. మా గోడ దాకా కనబడింది.

లాండ్రీ ఆవిడ దుప్పటి అందుకుంది. ఒక్క మాట చాలు ఆవిడకు. పక్కింటి ఈగలండీ, ఈ రోజే పెట్టె తీయించేస్తారు అంటే, ఆవిడ పని చేజారేది కాదు. తప్పు మాదైపోయేది. ఆ మాటను మేం కాదనలేకపోయేవాళ్ళం.

ఆవిడ బొటనవేలి గోటితో గీకింది. రాలలేదు. మళ్ళీ గీకింది. నాలుకతో తడిపిన గుడ్డ అద్ది చూసింది.

“ఈగది కాదు,” అంది. “ఈగదైతే పొడిలా రాలుతుంది. ఇది మా క్లిప్పు తుప్పు. తప్పు నాదే, పాత క్లిప్పులు వాడాను. నిమ్మరసం వేస్తే అరగంటలో పోతుంది. ఆగుతారా?”

గుమాస్తా ఆవిడ మొహం చూశాడు, దుప్పటి చూశాడు. “ఒక్కటేగా,” అన్నాడు. “రేపు పంపండి. మిగతావి ఎక్కించండి.”

వ్యాను వీధి మలుపు తిరిగింది. తర్వాత లాండ్రీ ఆవిడ గోడ దగ్గరికి వచ్చింది. నేను కృతజ్ఞతలు చెప్పబోయాను.

“అవన్నీ తర్వాత సారూ. నాలుగు నిమ్మకాయలు ఇవ్వండి ముందు,” అంది. కళ్ళు తుడుచుకుంటోందో, చెమట తుడుచుకుంటోందో.

నేను నాలుగు కాదు, చేతికందినన్ని కోసిచ్చాను. తిరిగి వచ్చేసరికి అత్తయ్యగారి కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ జామచెట్టు కింద, పెట్టె పక్కన నిలబడి ఉన్నారు.

“మూత తీయండి.”

“ముసుగు తెస్తాను, ఉండండి.”

“అది వేసుకునేదా ముసుగు? తీయండి.”

తీశాను. లోపలి నుంచి వెచ్చటి మైనం వాసన, గంభీరమైన రొద. చివరి చట్రం మెల్లగా పైకి లాగాను. రెండు వైపులా ఈగలు, వాటి కింద మైనం మూతలు పడిన తెల్లటి గళ్ళు. వేసవి చివరి వెలుతురు ఆ గళ్ళలోంచి బంగారంలా దిగింది.

అత్తయ్యగారు వంగి చూశారు. చట్రం పై కర్రకు రెండు చివర్లా, ఎన్నేళ్ళుగానో పట్టుకున్న చోట, చెక్క నల్లబడి నున్నగా ఉంది. ఆవిడ వేలితో అక్కడ తాకారు.

“ఇటివ్వండి,” అన్నారు.

“బరువుంటుంది.”

“నన్ను నేనే మోసుకు తిరిగే మనిషిని. ఇవ్వండి.”

కర్ర పెట్టెకు ఆనించి, ఆ నల్లబడిన చోట రెండు చేతులా పట్టుకున్నారు. చట్రం మెల్లగా కళ్ళ ఎత్తుకు లేపి, ఎండకు ఎదురుగా పట్టుకుని, ఒకవైపు చూశారు, తిప్పి రెండోవైపు చూశారు.

“ఇదా?” అన్నారు. “దీని కోసమా అది అన్నం కూడా మర్చిపోయేది!” ఆ మాటలో కోపం లేదు. కూతురి మంచి మార్కులు చూసిన తల్లి గొంతు అది.

గోడ మీద లాండ్రీ ఆవిడ తల లేచింది. చేతిలో నిమ్మచెక్క అలాగే ఉంది.

“అయ్యో మామ్మగారూ! కుడతాయి! పెట్టేయండి!”

ఒక ఈగ అత్తయ్యగారి వేలి కణుపు మీదికి ఎక్కి, నడిచి, మణికట్టు దాకా వచ్చి ఆగింది. ఆవిడ దాన్ని చూశారు, కదల్లేదు. చట్రం ఇంకో జానెడు పైకెత్తారు, గోడ అవతలికి కూడా కనబడేలా.

“కుడితే కుట్టనీవే,” అన్నారు, ఏడు నెలల్లో మొదటిసారి బిగ్గరగా నవ్వుతూ. “నా కాళ్ళు కడిగిన నీళ్ళు తాగి బతికిన ముండలు, ఎంత ధైర్యముందో చూస్తాను!”